చక్రాల ఇల్లు, గుమ్మంలో మల్లి

నీడ మల్లికి, ఎండ సోలార్ ప్యానెళ్లకి, ఆకాశం నా ఉద్యోగానికి. కొత్త చోట బండి ఆపే ప్రతిసారీ ఈ మూడింటినీ ఒక్కచోట కూర్చాలి. చెట్ల కింద ఆపితే మల్లికి హాయి. కానీ కప్పు మీది ప్యానెళ్లకి తిండి ఉండదు, స్టార్‌లింక్ డిష్ కొమ్మల సందుల్లోంచి ఉత్తరపు ఆకాశాన్ని వెతుక్కుంటూ తడబడుతుంది, మీటింగులో నా మాట మధ్యలో తెగిపోతుంది. బయల్లో ఆపితే బ్యాటరీలు మధ్యాహ్నానికే నిండుతాయి, నెట్టు పరుగెడుతుంది. లోపల నా కుక్క మల్లి నాలుక వేలాడేసి రొప్పుతుంది. అందుకని ఉండాల్సింది అంచున. ట్రైలర్ పైన్ చెట్ల నీడలో, మడత ప్యానెళ్లు నీడ దాటి గడ్డిలో, డిష్ ఇంకా అవతల, కేబుల్ చేరినంత దూరంలో. అడవి ఆగి బయలు మొదలయ్యే ఆ సన్నని గీతకి నా మొదటి దండం. అమెరికా పడమటి రాష్ట్రాల నిండా అలాంటి గీతలే. నా సంసారం వాటి మీదే నడుస్తోంది.

రెండో దండం ఇంటికి. ఇలాంటి చక్రాల ఇళ్లని ఇక్కడ ఆర్వీలంటారు, అవి ఎన్నో రకాలు. బస్సంత మోటర్‌హోములున్నాయి, వ్యానులోనే మంచం పొయ్యి సర్దుకున్నవి ఉన్నాయి, పికప్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రైలర్లున్నాయి. నాది ట్రైలర్, 24 అడుగుల పొడవు. ఈ దేశంలో తయారయ్యే ఆర్వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే పుడతాయి. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో ఆమిష్ సమాజం వాళ్లు చాలామంది. సొంతానికి కారు ఉంచుకోని మనుషులు, గుర్రపు బగ్గీల్లో తిరిగే మనుషులు, పొద్దున్నే లేచొచ్చి ఊళ్లు తిరిగేవాళ్లకి చక్రాల మీద ఇళ్లు కట్టి పంపిస్తారు. కంకర దార్లలో కుదుపులన్నీ తిన్నాక కూడా నా అలమర తలుపు టక్కుమని సరిగ్గా మూసుకున్నప్పుడల్లా ఆ చేతులు గుర్తొస్తాయి. ఎక్కడికీ వెళ్లనివాళ్లు అంత శ్రద్ధగా బిగించి పంపారు గనక మేం ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నాం.

లోపల ఒకే ఒక బల్ల ఉంది. పొద్దున్న దాని మీద ఉప్మా, తర్వాత ల్యాప్‌టాపు, సాయంత్రం కూరగాయల కత్తిపీట. బల్ల కింద పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు వేసి పరిచాను. అది మల్లి రాజ్యం. పనిచేస్తున్నంతసేపూ నా పాదాలకి దాని వీపు ఆనుకుని ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు ఆ వీపు పైకి లేచి నా మడమని తాకుతుంది, వదిలినప్పుడు దిగిపోతుంది. క్లయింటు గొంతు పెంచి మాట్లాడుతున్నప్పుడు నేను ఆ లెక్కలోనే ఊపిరి తీసుకుంటాను. నా గొంతు మెత్తబడుతుంది, అవతలి గొంతు కూడా కాసేపటికి దిగివస్తుంది. మల్లి చేస్తున్న ఈ ఉద్యోగం సంగతి మా టీములో ఎవరికీ తెలియదు.

నీళ్లకి దండం. తెనాలి కాలవల పక్కన పుట్టాను. నీళ్లంటే పారేవే తప్ప కొలిచేవి కాదు మా నేల మీద. ఇక్కడ ట్యాంకులో 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. తాగడం, వంట, గిన్నెలు, స్నానం అన్నీ అందులోంచే. ఒళ్లు తడుపుకుని షవర్ కట్టేస్తాను, సబ్బు రుద్దుకున్నాక మళ్లీ తిప్పుతాను. కంచం ముందు తుడిచి ఆ తర్వాతే కడుగుతాను. వాడిన నీళ్లు గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌వి బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. అవి నిండకముందే డంప్ స్టేషన్‌కి వెళ్లి, గ్లవ్స్ తొడుక్కుని, లావుపాటి గొట్టం బిగించి, ముందు బ్లాకు, తర్వాత గ్రే వదలాలి. వెనకాల వచ్చే సబ్బునీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. ఈ పని ఊసెత్తకుండా ఈ బతుకుని పొగిడేవాళ్ల మాట నేను నమ్మను. మన మురికిని మనమే మోసుకెళ్లి, తగిన చోట, మన చేత్తో వదిలిరావడంలో ఒక నిజాయితీ ఉంది. నగరంలో ఫ్లష్ నొక్కిన వేలికి అది దొరకదు. శుభ్రంగా చేతులు కడుక్కుని, ట్యాంకు మళ్లీ నింపుకున్నాక మొదటి గిన్నె నీళ్లు మల్లివి. ఎంత దాహంగా ఉన్నా ఆ వరుస తప్పను.

సూర్యుడికి దండం. మా తాతయ్య కాలవలో మోకాలిలోతున నిలబడి దోసిలి ఎత్తి అర్ఘ్యం వదిలేవాడు. నేను నిచ్చెనెక్కి తడిగుడ్డతో ప్యానెళ్ల మీది దుమ్ము తుడుస్తాను. కప్పు మీద 400 వాట్లు, మంచం కింద రెండు లిథియం బ్యాటరీలు. నిండా ఛార్జైతే రెండున్నర యూనిట్ల కరెంటు. ల్యాప్‌టాపూ డిష్షూ కలిసి పనిదినానికి ఒక యూనిట్ దాకా తింటాయి. చలికాలం రాత్రి ప్రొపేన్ హీటరు ఫ్యాను ఇంకొంత తింటుంది. ఈ లిథియానికి ఒక పట్టుదల ఉంది: గడ్డకట్టే చలిలో ఛార్జ్ ఎక్కించుకోదు, ముందు కాస్త వెచ్చబడాలంటుంది. ఏసీ సంగతి అసలు అడగొద్దు. వేస్తే ఆ రెండున్నర యూనిట్లు రెండు గంటలైనా నిలవవు. కాబట్టి మల్లిని చల్లగా ఉంచేది బ్యాటరీ కాదు, ఎత్తు.

ఎత్తుకి దండం! వెయ్యి అడుగులు పైకెక్కితే వేడి సుమారు రెండు డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అరిజోనాలో క్వార్ట్‌జైట్ అనే ఎడారి ఊరు వెయ్యి అడుగుల ఎత్తు కూడా లేదు. అదే రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ 7,000 అడుగుల దగ్గర ఉంది. చలికాలం కింద, ఎండాకాలం పైన. పక్షులు ఉత్తరానికీ దక్షిణానికీ ఎగిరే దూరాన్ని మేం నిలువుగా ఎక్కి దిగుతాం. ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ పొండరోసా పైన్ అడవులు. ఆ ముదురు చెట్ల బెరడు పగుళ్లలో ముక్కు పెట్టి వాసన చూస్తే వెనిల్లా. ఎండ పడ్డ మధ్యాహ్నం మరీ ఘాటుగా ఉంటుంది. నాకు తెలిసింది ఆ ఒక్క వాసనే. మల్లి మాత్రం ఒక్కో చెట్టు మొదట్లో అంతసేపు నిలబడుతుంది. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో కోట్లలో ఉంటాయి. రాత్రి ఏ జింక దాటిందో, ఏ నక్క ఆగిందో, నిన్న మాకు ముందు ఇక్కడున్నవాళ్ల కుక్క ఏం తిన్నదో, అన్నీ ఆ కాండం మీద ఉన్నాయి. లీష్ లాగి తొందరపెట్టబుద్ధి కాదు. నాకు మ్యాపు చూసి తెలిసిన ఊరు దానికి నేల చూసి తెలుస్తుంది, నాకంటే ముందే తెలుస్తుంది.

కుక్కతో తిరిగేవాళ్లకి ఈ దేశం అన్ని తలుపులూ తెరవదు. గ్రాండ్ కేన్యన్‌లో దక్షిణపు అంచు వెంట ఉన్న కాలిబాట మీద కుక్కని నడిపించుకోవచ్చు, అంచు దాటి ఒక్క అడుగు కిందికి దించకూడదు. నేషనల్ పార్కుల్లో లీష్ ఆరడుగులకి మించకూడదు. ఈ నియమాల మీద విసుక్కునేవాళ్లని చూశాను. నాకు అవి న్యాయంగానే తోస్తాయి, ఎందుకంటే ఆ లోయలో కొండగొర్రెలూ పాములూ ఉడుతలూ మా కంటే ముందున్నవి. కాదన్న చోట వద్దు, రమ్మన్న చోటికే పోదాం. న్యూ మెక్సికోలో వైట్ సాండ్స్ రమ్మంటుంది. 2019లో నేషనల్ పార్కైన ఆ తెల్లటి ఇసుక మామూలు ఇసుక కాదు, జిప్సమ్. 275 చదరపు మైళ్ల తెల్లదనం. మామూలు ఇసుకలా కాలదు, మధ్యాహ్నం కూడా పాదం ఆనించొచ్చు. అక్కడ మొదటిసారి దిగినప్పుడు మల్లి ముందు ఒక కాలు మోపింది, తీసింది, మళ్లీ మోపింది. కాలడం లేదని నమ్మకం కుదిరాక నాలుగు కాళ్ల మీదా గంతులేసింది. లీష్ చివర నేనూ పరుగెత్తాను. మా ఇద్దరి అడుగులు ఒక దిబ్బ ఎక్కి ఇంకో దిబ్బ దిగాయి.

ఒరెగాన్ రమ్మంటుంది. 1967లో ఆ రాష్ట్రం చట్టం చేసి సముద్రపు ఒడ్డు మొత్తాన్నీ జనానికి రాసిచ్చింది. హోటలు కట్టినవాడైనా సరే పొడి ఇసుకకి కూడా కంచె వెయ్యడానికి లేదు. వసంతం నుంచి సెప్టెంబరు సగం దాకా కొన్ని చోట్ల మాత్రం కుక్కలు రాకూడదు. స్నోయీ ప్లోవర్ అనే పిడికెడు పిట్ట అక్కడ ఇసుకలోనే గుడ్లు పెట్టుకుంటుంది. బోర్డు చూసి వెనక్కి తిరుగుతాం, మైలు అవతల దిగుతాం. బంగాళాఖాతం ఒడ్డున సూర్యలంకలో వేసవి సెలవులు గడిపిన నేను, సముద్రంలో సూర్యుడు దిగిపోవడం ఇక్కడికొచ్చాకే చూశాను. మల్లి సూర్యుణ్ణి పట్టించుకోదు. అలని తరుముతుంది, అల తరిమితే పరుగెత్తుకొస్తుంది, మళ్లీ తరుముతుంది.

పనికి దండం పెట్టకపోతే ఈ స్తోత్రం అబద్ధమవుతుంది. డీజిల్‌కీ దాణాకీ డబ్బిచ్చేది పనే. మా టీములో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. అరిజోనా గడియారాలు వేసవికని ముందుకి జరగవు, మన గడియారాలూ జరగవు, కాబట్టి ఏడాది పొడుగునా రెండింటి మధ్యా పన్నెండున్నర గంటలు అలాగే ఉంటాయి. నాకు రాత్రి ఎనిమిదిన్నర అయితే వాళ్లకి మర్నాడు పొద్దున్న తొమ్మిది. వాళ్ల వెనక ఫిల్టర్ కాఫీ కప్పులు, మెట్రో ఆలస్యం కబుర్లు. నా వెనక కిటికీ అద్దం మీద చీకటి. అరిజోనాలోనే ఆదివాసుల నవాహో నేషన్ పొలిమేర దాటితే మాత్రం వేసవిలో ఫోను గంట ముందుకి దూకుతుంది, ఎందుకంటే వాళ్లు గడియారం మారుస్తారు. వాళ్ల మధ్యలోనే ఉన్న హోపీ వాళ్లు మార్చరు. ఒక్క రోజు ప్రయాణంలో ఫోను ముందుకీ వెనక్కీ ఊగిసలాడుతుంది. మల్లి కడుపులో గడియారం మాత్రం ఏ పొలిమేరనీ లెక్కచెయ్యదు. సాయంత్రం ఐదున్నర కొట్టగానే బల్ల కింద నుంచి లేస్తుంది. ఒళ్లు విరుస్తుంది. గడ్డం తెచ్చి నా మోకాలి మీద పెడుతుంది. టీములో కుర్రవాడు ఇంకో ఐదు నిమిషాలు అంటాడు, మేనేజరు ఇంకో స్లైడు అంటాడు. మల్లి ఇంకా అనే మాట ఒప్పుకోదు. ఇంట్లోంచి పనిచేసేవాళ్లకి పనికి ఒడ్డు ఉండదు. నిద్ర లేచిన చోటే ఆఫీసు, తిన్న చోటే ఆఫీసు, కళ్లు మూసుకుంటే రెప్పల వెనక కూడా ఆఫీసే. నా రోజుకి ఒడ్డు ఆ గడ్డం. ఓ తడి ముక్కూ, ఓ బరువైన గడ్డమూ, మీరు లేకపోతే నేను ఈ అందమైన అడవుల మధ్య తెర ముందు కూర్చుని ఏమీ చూడకుండా ముసలిదాన్నయ్యేదాన్ని.

ఆ మధ్య క్వార్ట్‌జైట్ దక్షిణాన ఎడారిలో ఉన్నాం. అక్కడ చోయా అనే కాక్టస్ ఉంటుంది. దూరం నుంచి బంగారు నూగుతో మెరుస్తూ ముద్దొస్తుంది. దగ్గరికెళ్తే ఆ నూగంతా ముళ్లు. ముల్లు ముల్లుకీ కొనన వెనక్కి తిరిగిన సన్నని కొక్కేలు. చెట్టు నుంచి రాలిన ముక్కలు నేల మీద పడి ఉంటాయి, అడుగు తగిలితే చాలు పట్టేసుకుంటాయి. మధ్యాహ్నం నడక నుంచి వస్తుంటే మల్లి ముందు కుడికాలికి అలాంటిదొకటి పట్టుకుంది. మూడు కాళ్ల మీద నిలబడి నన్ను చూసింది. నోటితో పీకబోతే నాలుకకి దిగుతాయి. "వద్దు" అన్నాను. ఆగింది. ఎత్తుకుని మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాను. మీటింగు మొదలైపోయింది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కెమెరా ఆపేశాను. ఎడారిలో ఉండేవాళ్లందరి దగ్గరా దువ్వెన ఉంటుంది, జుట్టుకి కాదు. దాని పళ్లని చోయా ముక్కకీ పాదానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసిరితే ముక్క ఎగిరిపడుతుంది. ముళ్లు కొన్ని చర్మంలోనే మిగిలిపోతాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ, వచ్చిన దారినే, నిటారుగా లాగాలి. ఒకటి లాగాను. పాదం వణికింది, వెనక్కి తీసుకోలేదు. చెవిలో ఎవరో నిన్నటి లోడు ఎందుకు ఆగిందని అడిగారు. మ్యూట్ తీసి చెప్పాను, మళ్లీ పెట్టి ఇంకోటి లాగాను. వేళ్ల సందుల్లో నల్లటి మెత్తల మధ్య వెతుకుతూ, అరచేత్తో మెడ నిమురుతూ. అంత నొప్పిలోనూ అది పళ్లు చూపించలేదు. పాదాన్ని నా చేతిలో అలాగే వదిలేసింది. నా జీవితంలో నన్ను అంత పూర్తిగా నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఎండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బతుకులో భయమనేది ఉంటే అదే. బయట హాయిగా 21 డిగ్రీలున్న రోజున కూడా మూసిన కారు లోపల అరగంటలో 40కి చేరుతుంది. ట్రైలర్ కారు కంటే నయం, కానీ ఏసీ ఆగితే అదీ పొయ్యే. అందుకని మల్లి పడుకునే చోటి పైన ఒక చిన్న పెట్టె తగిలించాను. లోపలి వేడి పెరిగినా, కరెంటు పోయినా సొంత సిమ్ నుంచి నా ఫోనుకి కబురు పంపుతుంది. ఒక జులై మధ్యాహ్నం, ఆర్వీ పార్కులో ఉన్న రోజుల్లో, నేను కిరాణా కొట్టులో ఉండగా ఆ కబురు వచ్చింది. పార్కు మొత్తానికి కరెంటు పోయింది. బండి నిండా ఉన్న సామాను వరుసలోనే వదిలేసి వచ్చేశాను. తలుపు తీసేసరికి పక్క ట్రైలర్ ముసలాయన అప్పటికే మా కిటికీల మీద తడి దుప్పట్లు కప్పి, నీళ్లు చిమ్ముతూ నిలబడి ఉన్నాడు. ఆయన కుక్క ఆ శీతాకాలమే పోయింది. మల్లిని చూసి, "ఇది చల్లగానే ఉంది, కంగారుపడకు" అన్నాడు. ఆయన పేరు రాయను గానీ, ఆయన చేతులకి దండం.

చక్రాల మీద బతికేవాళ్లలో అలాంటి మనుషులు ఎక్కువ. క్వార్ట్‌జైట్ చుట్టూ ఎడారి ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ తీసుకుని చలికాలమంతా ఉండొచ్చు. మిగతా చోట్ల ప్రభుత్వ భూముల్లో మామూలుగా పద్నాలుగు రోజులే, తర్వాత కదలాలి. సాయంత్రమయ్యేసరికి మంటల చుట్టూ మడత కుర్చీలు, కుర్చీకో కుక్క. ముందు కుక్కలు పరిచయం చేసుకుంటాయి, తర్వాత మనుషులు. మనుషుల పేర్లు మరిచిపోతాం, కుక్కల పేర్లు గుర్తుంటాయి. ఇల్లూ వీధీ లేని ఈ జనానికి ఉత్తరాలు రావాలంటే ఒక చిరునామా కావాలి. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో 1978లో పుట్టిన ఎస్కేపీస్ అనే సంఘం ఉంది. వేలమంది ఉత్తరాలు అక్కడికి చేరి, అక్కణ్నుంచి మనిషి ఎక్కడుంటే అక్కడికి బయల్దేరతాయి. వయసు మీరి ఇక బండి నడపలేనివాళ్లు తమ ఆర్వీల్లోనే ఉంటూ సాయం పొందడానికి అక్కడే ఒక చోటు ఏర్పాటు చేశారు. నడిచే ఇళ్లు ఆగిపోయే చోటుని కూడా ముందే ఆలోచించి కట్టిన ఆ పెద్దవాళ్ల మీద నాకు గౌరవం.

అందరూ నాలాగా కోరి రాలేదు. అద్దె కట్టలేక వచ్చినవాళ్లున్నారు. పింఛను చాలక అరవై దాటాక క్యాంపు హోస్టులుగా మరుగుదొడ్లు కడిగేవాళ్లున్నారు. ఏటా అక్టోబరులో మిన్నెసోటా, నార్త్ డకోటాల మధ్య రెడ్ రివర్ లోయలో చక్కెరదుంపల కోత పడుతుంది. దేశం నలుమూలల నుంచీ ఆర్వీలు అక్కడికి చేరతాయి. పన్నెండు గంటల షిఫ్టు, చలిగాలి, బురద, దుంపల గుట్టలు. షిఫ్టు దిగి వచ్చేసరికి ట్రైలర్ తలుపు వెనక ఓ కుక్క తోక గోడకి టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. ఈ దండకం వాళ్లది కూడా. నిజానికి నాకంటే వాళ్లదే ఎక్కువ. నాకు ల్యాప్‌టాపు ఉంది, వాళ్లకి ఆ తోక చప్పుడే ఉంది.

నాకూ ఈ దారి తేలిగ్గా తెరుచుకోలేదు. హెచ్-1బీ వీసా మీద ఉన్నన్నాళ్లూ మనిషి ఎక్కడ కూర్చుని పనిచేస్తాడో కాగితం మీద రాసి ఉంటుంది. ఆ మహానగర ప్రాంతం దాటి పనిచేసే చోటు మారిస్తే కంపెనీ మళ్లీ పిటిషన్ వెయ్యాలి. మనిషిని కుర్చీకి కట్టేసే కాగితం అది. డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో మన తెలుగువాళ్లు ఎంతోమంది ఆ కాగితంతోనే ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు వరుసలో ఉన్నారు. నేనూ ఉన్నాను. అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని కింద హైవే మీద పోయే ట్రైలర్లని చూసేదాన్ని, మల్లి నా పక్కన కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి చూసేది. కార్డు వచ్చాక స్నేహితులు ఇల్లు కొనమన్నారు. కొన్నాను.

అమ్మ రోజూ ఫోను చేస్తుంది.

"ఎక్కడున్నావే ఇవాళ?"

"ఫ్లాగ్‌స్టాఫ్ పైన, అడవిలో అమ్మా."

"అడవిలోనా! పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"కాస్త అవతల ఓ పెద్దాయనా, వాళ్లావిడా ఉన్నారు. మల్లి ఉందిగా."

"అది తిన్నదా?"

"పెరుగన్నం తిన్నది."

"పోపు పెట్టలేదు కదా? ఉల్లిపాయ పడదన్నావు దానికి."

ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురుకి చేటు. ద్రాక్షపళ్లు మూత్రపిండాలకి చేటు. అమ్మకి నేను ఒక్కసారే చెప్పాను. కుక్కని గడప దాటనివ్వని ఇల్లు మాది. ఇప్పుడు వీడియోలో నా మొహం కంటే ముందు "దాన్ని చూపించు" అంటుంది. "మల్లమ్మా" అని పిలుస్తుంది. ఇక్కడ చెవులు నిక్కపొడుచుకుంటాయి. ఫీనిక్స్‌లో కుక్కల ఆశ్రమం నుంచి ఇంగ్లీషు పేరుతో వచ్చిన ఈ పిల్లకి దా, కూర్చో, ఆగు, వద్దు, పద అన్నీ తెలుగులోనే తెలుసు. ఎన్నో మైళ్ల మేర మా ఇద్దరం తప్ప తెలుగు మాట్లాడేవాళ్లు లేని చోట, పగలంతా ఇంగ్లీషులో పనిచేసిన నోటికి సాయంత్రం దాని చెవులే తెనాలి.

దారి నడిచిన కుక్కలన్నిటికీ దండం. 1803లో మెరివెదర్ లూయిస్ ఇరవై డాలర్లకి కొని, పసిఫిక్ దాకా వెంటబెట్టుకెళ్లిన సీమన్‌కి. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1903లో, హొరేషియో నెల్సన్ జాక్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ దాకా 63 రోజులు కారు నడిపి అమెరికాని అడ్డంగా దాటిన మొదటివాడైనప్పుడు, దుమ్ముకి కళ్లు మండకుండా కళ్లద్దాలు పెట్టుకుని పక్కన కూర్చున్న బుల్‌డాగ్ బడ్‌కి. ఆ కళ్లద్దాలు ఇప్పటికీ స్మిత్‌సోనియన్‌లో ఉన్నాయి. 1960లో జాన్ స్టైన్‌బెక్ తన దేశాన్ని మళ్లీ చూద్దామని రోసినాంటే అని పేరుపెట్టుకున్న ట్రక్కులో బయల్దేరినప్పుడు తోడెళ్లిన పూడుల్ చార్లీకి. వీళ్లందరికంటే ముందు, హస్తినాపురం నుంచి పాండవుల వెంట ఏడోదిగా నడిచిన ఆ పేరులేని కుక్కకి. ఇంద్రుడు రథం తెస్తే అది లేకుండా ఎక్కనన్నాడు ధర్మరాజు, అందరికీ తెలిసిన కథే. నాకు పట్టేది అంతకుముందరి సంగతి. ఒక్కొక్కరు కూలిపోతున్న ఆ దారిలో, మంచులో, ఇసుకలో, సాయంత్రం ఆగినప్పుడు దానికి నీళ్లెవరు పోశారు? దాని పాదంలో ముల్లు దిగితే ఎవరు కూర్చుని తీశారు? రథం దగ్గర ధర్మరాజు అన్న మాట అక్కడికక్కడ పుట్టింది కాదని నా నమ్మకం. అన్ని రాత్రులు దాని నీళ్ల గిన్నె నింపినవాడికి ఇంకో జవాబు నోటికి రాదు.

రాత్రి కొత్త చోట ఆగాక నా పనులు చాలా ఉంటాయి. చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి మట్టం సరిచూడాలి, చాక్స్ బిగించాలి, మూలల్లో జాకీలు దించాలి, ప్రొపేన్ తిప్పాలి. ఇవన్నీ అయినా అది ఇంకా ఇల్లు కాదు, ఆపిన బండే. మల్లి లోపలికొచ్చి, బల్ల కింద దుప్పటి మీద మూడుసార్లు చుట్టూ తిరిగి, నిట్టూర్చి, ధబ్బున పడుకుంటుంది. అప్పుడు నేను పొయ్యి వెలిగిస్తాను.

ఈ మధ్య ఆ తిరగడం నెమ్మదించింది. వెనక కాళ్లలో కీళ్లు బిగుస్తున్నాయి, మూతి చుట్టూ తెల్లబడింది. ట్రైలర్ మెట్లు ఇదివరకు ఒక్క దూకున ఎక్కేది, ఇప్పుడు కింద నిలబడి నన్ను చూస్తుంది. మడిచే ర్యాంపు ఒకటి కొన్నాను, మీద రబ్బరు చాప అంటించాను, గోళ్లు జారకుండా. ఎప్పుడూ దారి వెతికేటప్పుడు ముందు సిగ్నల్ మ్యాపు చూసేదాన్ని, తర్వాత ఎత్తు. ఇప్పుడు ముందు చూసేది దారిలో పశువైద్యులు ఎక్కడెక్కడున్నారన్నది. రోజుకి రెండు వందల మైళ్లు దాటడం మానేశాను, గంటన్నరకోసారి ఆగి దాన్ని దింపి నడిపిస్తున్నాను. ఈ లెక్కన వచ్చే నెల ఒరెగాన్ ఒడ్డుకి చేరడానికి ఇదివరకటి కంటే రెట్టింపు రోజులు పడుతుంది, ఆఫీసుకి కూడా ఆ మాటే చెప్పాను. పిట్టలు గుడ్లు పెట్టని ఒడ్లు ఏవో జాబితా రాసి పెట్టుకున్నాను. ఇసుక గట్టిగా ఉండి, కార్లు ఆపే చోటు నుంచి ఎక్కువ దిగనక్కర్లేనివి ముందు. అలల వెంట పరుగెత్తకపోయినా ఫరవాలేదు, వాసన చూస్తూ నిలబడితే చాలు. నేనూ పక్కనే ఉంటాను, లీష్ వదులుగా పట్టుకుని, ఎంతసేపైనా.